తాత చెక్కిన ముఖాల్లేని శిలువ

మా కాన్వెంటు సిస్టర్ల సమాధుల దగ్గరున్న రాతి శిలువ మొన్నటి వానలకి ఒక పక్కకి ఒరిగిందట. దాన్ని విప్పి మళ్ళీ నిలబెట్టాలంటే ఏ ముక్క ఎక్కడ కలిసిందో పనివాళ్ళకి అంతుచిక్కలేదట. చెక్కిన మిస్త్రీ ఇంటివాళ్ళెవరైనా చెప్పగలరేమోనని నా పాత బడి నుంచి ఫోన్ చేశారు. ఆ మిస్త్రీ మా తాత. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అతుకుల సంగతి నాకు తెలుసు, చిన్నప్పుడు ఆ ముక్కల పక్కనే చాప వేసుకుని హోంవర్కు చేసుకునేదాన్ని. అందుకని ఒక శనివారం ఉదయం అమ్మని, పద్నాలుగు నెలల మా పాపని ఆటోలో కూర్చోబెట్టుకుని మేముండే మోవా నుంచి బయల్దేరాను. అమ్మ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. "నువ్వెళ్ళి చూపించి వచ్చీ. పాపతో నేనిక్కడ కూర్చుంటాను," అంది. నేను బలవంతం చెయ్యలేదు. మా ఇంట్లో ఆ శిలువ మీద ఒక తీర్పు ఉంది. నా తమ్ముడు నలభై రోజులైనా నిండకుండా పోవడానికి తాత ఆ రాయి చెక్కడమే కారణమని. తీర్పు మామ్మ చెప్పింది, నాన్న ఒప్పుకున్నారు, తాత తల వంచుకుని మోశారు. అది తప్పని నాకు ఆనాడే తెలుసు. తమ్ముడికి ఊపిరాడకుండా పాలు పోసిన గిన్నె నా చేతిలో ఉంది. ఆ శనివారం దాకా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పాప పుట్టిన దగ్గర్నుంచి అది నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. ఇప్పుడు పాప పడుకున్నాక రోజుకింత రాస్తున్నాను.

అప్పుడు మేం రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక వంటిల్లు, నేలకి ఫర్షీ రాళ్ళు. వేసవిలో ఆ రాళ్ళ మీద నీళ్ళు చల్లితే లేచే వాసన, మామ్మ అడ్డచుట్ట వాసన, పప్పుచారు తిరగమోత కలిసిపోయి ఒక్కటే వాసనగా నాకు గుర్తున్నాయి. మామ్మ చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెరట్లో గోడకి ఆనుకుని కూర్చునేది. పక్క క్వార్టర్ హిందీ ఆవిడ మొదటిసారి చూసి భయపడిపోయి, మా అమ్మని లోపలికి పిలిచి రహస్యంగా అడిగిందట, మీ అత్తగారికి ఏమైనా తేడానా అని. తాత వేగన్లు బాగుచేసే షాపులో పేట్రన్ మిస్త్రీగా చేసి రిటైరయ్యారు. ఏదైనా భాగం విరిగితే దాన్ని చూసి అచ్చం అలాంటిదే చెక్కతో చెయ్యాలి. ఆ చెక్క బొమ్మని ఇసుకలో అదిమి, ఏర్పడిన అచ్చులో ఇనుము పోస్తారు. పని మానేసినా తాత చెవి మీద పెన్సిల్ ఉండేది, అన్నం తినేటప్పుడు కూడా. అమ్మ తీసి పక్కన పెడితే చేయి కడుక్కోగానే మళ్ళీ చెవి మీదికి వెళ్ళేది.

ఆయనకి ఒకటే నియమం. సాంపిల్‌ని దిద్దకూడదు. పనిలో చేరిన కొత్తలో ఒక భాగానికి రంధ్రం కాస్త పక్కగా ఉంటే, ఎవరో తప్పు చేశారనుకుని మధ్యకి జరిపి చెక్కారట. ఆ అచ్చుతో పోసిన ముక్కల్లో ఒక్కటీ బండికి పట్టలేదు. అందరి ముందూ ఫోర్‌మన్ అన్న మాటలు ఆయన ముసలితనం దాకా మరిచిపోలేదు. "మనకి వంకరనిపించింది ఆ బండికి తిన్ననేమో. మనకేటి తెలుసు?" అనేవారు. నా డ్రాయింగు పుస్తకంలో ఆవు బొమ్మ చూసి వేసినప్పుడు కూడా, అసలు బొమ్మలో తోక దగ్గర సిరా మరక ఉంటే ఆ మరక నా బొమ్మలో ఎందుకు లేదని అడిగారు.

మా బడిలో ఐర్లండ్ నుంచి వచ్చిన ముసలి సిస్టర్ ఒకావిడ ఉండేది. ఎప్పుడో పడుచు వయసులో వచ్చి ఇక్కడే ఉండిపోయింది. హిందీ, ఛత్తీస్‌గఢీ మాకంటే బాగా మాట్లాడేది. తాతది తరాలుగా ఉలి పట్టిన ఇల్లని నేనే ఆవిడకి గొప్పగా చెప్పాను. ఒక సాయంత్రం రిక్షాలో మా ఇంటికి వచ్చి, సంచీలోంచి ఒక పాత ఫొటోల పుస్తకం తీసి తాత ముందు పెట్టింది. అందులో వాళ్ళ ఊరి దగ్గరి రాతి శిలువ ఉంది. వెయ్యేళ్ళకి ముందు అక్కడి మఠాల్లో సన్యాసులు చెక్కించినదట. శిలువ చేతుల్ని కలుపుతూ చక్రంలాంటి వలయం, నెత్తిన చిన్న ఇంటి కప్పులాంటి రాయి, కింద వెడల్పాటి పీఠం. నిలువు కంబం మీద ఒకదాని కింద ఒకటి గళ్ళు, ప్రతి గడిలోనూ మనుషులు. చెట్టు కింద నిలబడ్డ ఆడా మగా, ఒకణ్ణి కొడుతున్న వాడి అన్న, రెండు సింహాల మధ్య నిలబడ్డ మనిషి, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ముసలి సన్యాసులు, వాళ్ళ కోసం రొట్టె తెచ్చే కాకి. చదువు రానివాళ్ళకి ఆ గళ్ళు చూపించి కథలు చెప్పేవారని సిస్టర్ చెప్పింది. తన చిన్నతనంలో పొలం నుంచి వస్తూ దాని నీడలో కూర్చునేదట, ఆవులు వచ్చి వీపు దానికేసి రుద్దుకునేవట. తమ సమాధుల దగ్గర అలాంటిది ఒకటి, చిన్నదైనా సరే, ఉంటే బాగుంటుందని ఆవిడ కోరిక.

ఆవిడ వెళ్ళాక మామ్మ చుట్ట తీసి, "గొడ్లు వీపు గోక్కునే రాయి కోసం సముద్రాలు దాటొచ్చి మా ఇంటి మీద పడిందేటి ఈ తల్లి?" అంది. తాత అప్పటికే ఫొటో మీద భూతద్దం పెట్టి కూర్చున్నారు.

గుడి పనికి రాజస్థాన్ నుంచి వచ్చిన ఇసుకరాయిలో మిగిలిన దిమ్మలు భన్‌పురిలో లారీల దగ్గర దొరికాయి. పెరట్లో రేకు కింద పెట్టి పని మొదలుపెట్టారు. మూడు ముక్కలుగా చేశారు. పీఠం, కంబం, పైన వలయంతో ఉన్న తల. కంబం నెత్తిన పిడికిలంత మొన వదిలి, తల అడుగున దానికి సరిపడే గుంట తొలిచారు. గుంటలో మొన కూర్చుంటే ఇక కదలదు. అక్కడివాళ్ళూ అలాగే కూర్చోబెట్టారని సిస్టర్ పుస్తకంలో చూపించి చెబితే, "అంతే మరి. చెక్కకైనా రాయికైనా ఇంకో దారేటుంది?" అని తాత ముసిముసిగా నవ్వుకున్నారు. రోజంతా టక్ టక్‌మని ఉలి శబ్దం. రాతి పొడి తులసాకుల మీద, ఆరేసిన వడియాల మీద, నా జడల మీద పడేది.

అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. సమాధి రాయి ఇంట్లో చెక్కడమేమిటని క్వార్టర్లలో తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు. నాన్న విసుక్కున్నారు. "కొన్నాళ్ళాగి చేద్దురు గానీ నాన్నా. ఏం తొందర?" అన్నారు. "ఆ సిస్టరమ్మకి టైముందో లేదో నీకు తెలుసేట్రా?" అన్నారు తాత. నాన్న సైకిల్ స్టాండు గట్టిగా తన్ని వెళ్ళిపోయారు.

గళ్ళలో బొమ్మలు తేలాక సిస్టర్ చూడ్డానికి వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా వంగి చూసింది. ఒక్క బొమ్మకీ ముఖం లేదు. కళ్ళు, ముక్కు, నోరు ఉండాల్సిన చోట నున్నటి చిన్న గుంటలు. సింహాలకి కూడా మూతులు లేవు.

"మిస్త్రీజీ, వీళ్ళ ముఖాలేవి?" అంది హిందీలో.

"సాంపిల్లో లేవు సిస్టర్‌జీ," అన్నారు తాత. భూతద్దంతో ఫొటో చూపించారు. నిజమే, అందులోనూ లేవు.

"అవి వానకి అరిగిపోయాయి. వెయ్యేళ్ళు తడిశాయి కదా."

తాత ముఖం నల్లబడిపోయింది. అది అరుగుదలని ఆయనకి తట్టనే లేదు. ఫొటోలో ఉన్నది ఉన్నట్టు దించారు. విరిగిన అంచుల్ని కూడా అంతే జాగ్రత్తగా, విరిగినట్టే చెక్కారు. ఉలి తీసుకుని, "ఇప్పుడు పెట్టేస్తాను, ఎలా ఉండాలో చెప్పండి," అన్నారు. సిస్టర్ ఆయన చేతి మీద చెయ్యి వేసి ఆపింది. తను పుట్టేనాటికే అవి అలా ఉన్నాయని, తనకి తెలిసిన వాళ్ళు వీళ్ళేనని, ముఖాలు పెడితే ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టుంటుందని అంది. నవ్వుతూనే అంది గాని, రిక్షా ఎక్కేటప్పుడు కళ్ళు ఒత్తుకుంది. మామ్మ మాత్రం ఆ ముఖాలు చూసినప్పటి నుంచి పెరటి తలుపు వేసి ఉంచేది. "కడుపుతో ఉన్న పిల్ల కంట పడతాయి. నోళ్ళు లేని మనుషులేటి, నోళ్ళు లేని మనుషులు," అని గొణిగేది.

అమ్మకి ఆరో నెలలో సూర్యగ్రహణం వచ్చింది. మామ్మ ముందురోజే కత్తిపీట, కత్తెర, సూదులు మూటగట్టి అటక మీద పెట్టింది. గ్రహణం పట్టే వేళకి అమ్మని లోపలి గదిలో పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, కదలొద్దంది. గోక్కోకూడదు, ఆవలించకూడదు. నేను అమ్మ పక్కన కూర్చుని విసురుతున్నాను. అంత నిశ్శబ్దంలో గోడ అవతల నుంచి టక్ టక్ మొదలైంది. సిస్టర్‌కి జ్వరమని, ఆస్పత్రిలో పెట్టారని పొద్దున్నే కబురొచ్చింది. తాత అందుకే ఆగలేకపోయారు. మామ్మ పెరట్లోకి పరిగెత్తింది. "ఓలమ్మో, సెవులు పనిసెయ్యట్లేదేటి మీకు? గ్రహణం పూట ఉలి దెబ్బేటి? ఆ పిల్ల కడుపులో పడదా?" అంది. శబ్దం ఆగింది. మహా అయితే పది దెబ్బలు. నేను లెక్కపెట్టలేదు గాని ఇంట్లో తర్వాత ప్రతి ఒక్కళ్ళూ లెక్కపెట్టారు.

తమ్ముడు గ్రహణం మొర్రితో పుట్టాడు. పైపెదవి ఎడమ పక్క ముక్కు దాకా చీలి ఉంది, అంగిట్లో కూడా సందుంది. పిల్లలకి పెదవి కలిసేది తల్లికి రెండు నెలలు నిండేలోపేనని, గ్రహణం నాటికి అంతా అయిపోయి ఉంటుందని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆ రోజున మా ఇంట్లో అది తెలిసినవాళ్ళు లేరు. మామ్మ పసివాణ్ణి చూసి ఏడవలేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళి తాత ఎదురుగా నిలబడి, "మొకాలు అరగ్గొట్టావు కదా, ఇదిగో, ఇంటికొచ్చింది," అంది. మామ్మ తాతని నువ్వు అనడం నేను వినడం అదే మొదటిసారి. కొన్ని నెలలాగితే ఆపరేషన్ చేసి పెదవి కలుపుతామని డాక్టర్ చెప్పారు. అందాకా ఫొటో తియ్యొద్దంది మామ్మ. తీయలేదు.

వాడు రొమ్ము పట్టలేకపోయేవాడు. అమ్మ పాలు పిండి ఉగ్గుగిన్నెలో పోసి, వాణ్ణి నిటారుగా పట్టుకుని, చుక్క చుక్కగా చెంప పక్క నుంచి పోసేది. ఒక్కసారి పట్టడానికి గంట పట్టేది. పడుకోబెట్టి పట్టకూడదని డాక్టర్ గట్టిగా చెప్పారని నాన్న అందరికీ చెప్పారు. నాకూ చెప్పారు. నేను విన్నాను. ఒక మధ్యాహ్నం మామ్మ రేషన్ షాపుకి వెళ్ళింది. అమ్మ గోడకి జారగిలబడి, చెంగు నోటి మీద వేసుకుని, లేపినా లేవనంత నిద్రపోతోంది. బాబు ఏడుస్తున్నాడు. గిన్నెలో పాలు మూతేసి ఉన్నాయి. అమ్మని లేపకుండా నేనే పట్టేస్తే సాయంత్రం అందరూ మెచ్చుకుంటారనుకున్నాను. ఎత్తుకుంటే వాడి మెడ నిలవలేదు, భయమేసి చాప మీద పడుకోబెట్టి పోశాను. మొదటి రెండు చుక్కలు మింగాడు. తర్వాత కొంచెం ఎక్కువ పడింది. ముక్కులోంచి పాలు వచ్చాయి, దగ్గు, ఆ తర్వాత శబ్దమే లేదు, రంగు మారిపోయింది. వీపు మీద కొట్టాను. మళ్ళీ సన్నగా ఏడ్చాడు. చొక్కా మార్చి, తడిసినది ఉతికి ఆరేశాను. అమ్మ లేచి, "ఏడవలేదా?" అంది. "లేదు," అన్నాను.

రెండు రోజులకి వాడికి ఆయాసం మొదలైంది. ఆస్పత్రిలో నాలుగు రోజులుండి, అక్కడే పోయాడు. పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి నెమ్ము చేసిందన్నారు. ఇంటికొచ్చాక నాన్న ఆ పాలు ఎవరు పట్టారని అడిగారు. నేను తలుపు వెనక నిలబడి పరదా అంచు నములుతున్నాను. మామ్మే అంది, "ఎవలు పడితే ఏటి? అంగిట్లో బెజ్జం ఉంది కాబట్టి ఎల్లాయి. ఆ బెజ్జం ఎవలు పెట్టారో అది అడుగు." నాన్న తాత వైపు తిరిగి, "మీ పనయిందా నాన్నా?" అన్నారు. తాత చెవి మీద పెన్సిల్ తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ తర్వాత నాన్న తాతతో నేరుగా మాట్లాడిన మాట నాకు ఒక్కటీ గుర్తు లేదు. "తాతని అన్నానికి రమ్మను." "మందులు తెచ్చానని తాతకి చెప్పు." ఆ మాటలన్నీ నేనే మోశాను. తాత రాత్రి అన్నం మానేశారు. సిస్టర్ పోయేనాటికి శిలువ పూర్తి చేసి, లారీ ఎక్కించి, తనే దగ్గరుండి నిలబెట్టి వచ్చారు. మళ్ళీ ఉలి ముట్టలేదు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఆయన మంచాన పడ్డారు. ఒకసారి చెబుదామని మంచం పక్కన కూర్చున్నాను. "ఏటమ్మా?" అన్నారు. "మంచినీళ్ళు కావాలా తాతా?" అన్నాను.

ఇప్పుడు మా పాప ఫొటోలు నా ఫోన్లో పట్టనన్ని ఉన్నాయి. కడుపులో ఉండగా స్కానింగులో గుండె కంటే ముందు పెదవి చూపించమని అడిగాను, డాక్టరమ్మ వింతగా చూసింది. పాప ప్రతి ముద్దకీ నేను దాని గొంతు వైపు చూస్తాను. మా ఆయన, "నువ్విలా చూస్తుంటే ఎవరికైనా పొలమారుతుంది," అంటారు. నన్నింత భయపెట్టేది నేను చదువుకున్నదేదీ కాదని ఆయనకి చెప్పలేదు.

ఆ శనివారం పనివాళ్ళకి అతుకు చూపించాను. మూడు కాళ్ళ స్టాండుకి చెయిన్ పుల్లీ కట్టి శిలువ తలని మెల్లగా పైకి లేపారు. పైనున్నవాడు లోపలికి తొంగిచూసి, "దీదీ, దేఖ తో, కాకర ముహ్ హే?" అన్నాడు. ఎవరి ముఖమని అడుగుతున్నాడు. నిచ్చెన రెండు మెట్లెక్కి చూశాను. కంబం నెత్తిన ఉన్న మొన మీద, అరచెయ్యంత చదునులో, సన్నటి గీతలతో ఒక పసివాడి ముఖం ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పైపెదవి ఎడమ పక్క ముక్కు దాకా చీలి ఉంది. తాత దాన్ని కలపలేదు. ఎలా ఉన్నాడో అలా దించారు. వానా ఎండా తగలని చోట, మూతపెట్టినట్టు తల కూర్చునే చోట.

గేటు దగ్గరికెళ్ళి అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. పాపని నాకిచ్చి నిచ్చెన ఎక్కింది. చాలాసేపు చూసింది. "కుడి కన్ను చిన్నది వాడికి. అదీ పెట్టారు," అంది. అప్పుడు చెప్పాను. చాప, గిన్నె, ఉతికిన చొక్కా, అన్నీ. అమ్మ నిచ్చెన దిగలేదు. నా వైపు చూడకుండానే, "అప్పుడే చెప్పి ఉంటే ఆ మనిషి రాత్రిపూట అన్నం తినేవారు," అంది. కొంచెం ఆగి, "నిన్ను కొట్టేదాన్ని. కొట్టి దగ్గరికి తీసుకునేదాన్ని," అంది. తర్వాత దిగి, "మీ నాన్నని రమ్మను. ఆయన వచ్చేదాకా మూయొద్దని వీళ్ళతో చెప్పు. నేను చెప్పను, నువ్వే చెప్పాలి," అంది.

నాన్న ఇప్పుడు భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చుంటున్నారు. గంటలో వచ్చారు. ముఖం చూశారు, నేను చెప్పింది విన్నారు. పనివాళ్ళకి తెలుగు రాదు, గొలుసు పట్టుకుని నిలబడి మా వైపు చూస్తున్నారు. నాన్న ఒక్కటే అడిగారు.

"మా నాన్నకి తెలుసా ఇది?"

"తెలీదు," అన్నాను.

ఆయన తల ఊపారు. పనివాళ్ళతో హిందీలో మూసెయ్యమన్నారు. రాయి మీద రాయి కూర్చునేదాకా అక్కడే నిలబడి, సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో తడిమి చూసి, స్కూటర్ తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు దాకా పొద్దునా సాయంత్రం నాకు ఫోన్ చేసి పాప ఏం తిందో అడిగేవారు. తొమ్మిది రోజులైంది, చెయ్యలేదు. అమ్మ చేస్తోంది. నిన్న మాట్లాడుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది, అమ్మతో అంటున్నారు.

"పాప తిన్నదేమో అడుగు."